ఆషాఢంలో పంపిన లింకు

మా ఇంట్లో ఒకప్పుడు పెన్ డ్రైవులు పోపుల డబ్బాలో ఉండేవి. నవ్వకండి. మా అత్తగారు వాడి వదిలేసిన స్టీలు డబ్బా అది, లోపల ఏడు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక్కో పెళ్ళి. ఆవాల గిన్నెలో తాడేపల్లిగూడెం పెళ్ళి, జీలకర్ర గిన్నెలో కైకలూరు పెళ్ళి, మెంతుల గిన్నెలో చింతలపూడి వాళ్ళ గృహప్రవేశం. ఎంత కడిగినా ఇంగువ వాసన మాత్రం పోలేదు. ఒకాయన పెన్ డ్రైవు అందుకుని వాసన చూసి, "ఏవండీ, మా అబ్బాయి పెళ్ళి పులిహోర వాసన వస్తోందండి" అన్నాడు. నాకు చర్రుమంది. "పెళ్ళన్నాక పులిహోర ఉండదా అండి?" అన్నాను. ఆయన నవ్వాడు, నేనూ నవ్వేశాను.

మాది ఏలూరు. మా ఆయన కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళు తీస్తారు. నేను ఇంటి ముందు గదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని, ఆ తీసినదాన్ని వరసగా అతికి, పాటలు వేసి, ఆల్బమ్ పేజీలు సర్ది ఇస్తాను. దీన్ని మావైపు మిక్సింగ్ అంటారు. పొగడ్తలన్నీ తీసినాయనకి, తిట్లన్నీ మిక్సింగ్ చేసినావిడకి. "మా వియ్యపురాలు ఎక్కడా కనపడలేదేంటండి?" అని నన్నే అడుగుతారు, ఆవిడ ఆ రోజంతా భోజనాల దగ్గరే ఉండిపోతే నేనేం చేసేది! నాకు నోరు కొంచెం ఎక్కువే. మా ఆయన ఫోను ఎత్తితే "అలాగేనండి, తప్పకుండానండి" అంటారు, నేను ఎత్తితే జవాబు చెప్తాను. అందుకే ఫోను ఆయన జేబులో ఉంటుంది.

ఫైలు పెద్దదైతే మెయిలు మోయలేదన్న సంగతి నాకు మొదట తెలిసింది తాడేపల్లిగూడెం బట్టల కొట్టాయన వల్ల. వాళ్ళ అబ్బాయి పెళ్ళి ఆల్బమ్ ప్రింటుకి వెళ్ళే ముందు పేజీలన్నీ ఒకసారి చూస్తానన్నాడు. "కొట్టు వదిలి రాలేనండి, మెయిల్ పెట్టేయండి, మా గుమాస్తా తెరిచి చూపిస్తాడు" అన్నాడు. అప్పటికి మా ఇంట్లో నెట్ లేదు. పేజీలన్నీ సీడీలో వేసుకుని నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ఎక్కుతోంది, ఎక్కుతోంది, అరగంట తరవాత తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. సెంటర్ ఆయన వచ్చి చూసి, "ఇది పాతిక ఎంబీ దాటిపోయిందండి, మెయిల్లో పట్టదు" అన్నాడు. "పట్టకపోతే పట్టించండి, అందుకేగా మీ దగ్గరికొచ్చింది" అని విసుక్కున్నాను. పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు?

చివరికి ఒక్కో పేజీని ఒక్కో మెయిల్‌గా పంపాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే బట్టల కొట్టాయన ఫోను. "ఏవండీ, పెళ్ళికొడుకు వచ్చాడు గానీ పెళ్ళికూతురు ఇంకా రాలేదండి!" అని గోల. కుడివైపు పేజీలు వెళ్ళాయి, ఎడమవైపువి వెళ్ళలేదు. ఆయన గొంతులో నిజమైన కంగారు విని మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ మర్నాడు నేను సీడీని కవర్లో పెట్టి, పైన ఆయన ఫోను నంబరు రాసి, తాడేపల్లిగూడెం వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిచ్చాను. గంటన్నరలో ఆయనకి అందింది. ఇక అప్పట్నుంచీ మా దారి అదే. మా ఆయన భీమవరం వైపు వరసగా రెండు పెళ్ళిళ్ళు తీస్తుంటే మొదటి పెళ్ళి తీసిన కెమెరా కార్డులు బస్సులో వచ్చేసేవి. నేను చేసిన ఆల్బమ్ పేజీలు బస్సులో వెళ్ళిపోయేవి. బస్సు నంబరు అరచేతిలో రాసుకుని బస్టాండులో నిలబడటం, బస్సు ఆగకముందే కిటికీ దగ్గరికి పరిగెత్తి "ఏవండీ, కవరుందా అండి?" అని అడగటం. ఆ డ్రైవర్లందరికీ నేను తెలుసు. కైకలూరు బస్సు నడిపే ఒకాయన కవరు ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకునేవాడు. "పెళ్ళి కదండీ, కాళ్ళ దగ్గర పెట్టకూడదు" అనేవాడు. ఎవరి పెళ్ళో, పిల్ల ఏ ఊరిదో అడిగి తెలుసుకునేవాడు కూడాను. ఎండలో నిలబడి నిలబడి తలనొప్పి వచ్చేది, బస్సు ఆలస్యమైతే ప్రాణం విసిగిపోయేది. అయినా ఆ రోజులంటే నాకు ఇప్పటికీ బెంగే. ఆ కవర్లు చేతులు మారుతూ వెళ్ళేవి, ప్రతి చెయ్యీ నాకు తెలిసినదే.

అప్పట్లో నాకొక నియమం ఉండేది. "అందిందండి, తెరిచి చూశామండి" అని అవతలి వాళ్ళు ఫోనులో చెప్పేదాకా నా దగ్గరున్న అసలుని ముట్టుకునేదాన్ని కాదు. ఎంత చోటు లేకపోయినా సరే, చెరిపేదాన్ని కాదు. మా ఆయన కార్డులు ఖాళీ చెయ్యమని మొత్తుకునేవారు. "అందిందని ఫోను రానివ్వండి" అనేదాన్ని.

తరవాత ఇంటికి మంచి నెట్ వచ్చింది. ఫైలుని ఎక్కడో ఎక్కించేసి, దాని లింకు మాత్రం ఫోనుకి పంపితే చాలు, అవతలి వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా దించుకుంటారు. నేను చాలా రోజులు నమ్మలేదు. పెన్ డ్రైవు ఇవ్వబోతే, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి, "ఇంకా పెన్ డ్రైవులేనా ఆంటీ!" అని జాలిగా చూసింది. ఆ చూపు నాకు ఎక్కడో గుచ్చుకుంది. నెల తిరక్కుండా నేర్చేసుకున్నాను. ఇక చూడండి నా గొప్ప! ఎవరు అడిగినా "లింకు పెట్టేస్తానండి" అనడమే. బస్టాండు మొహం చూడటం మానేశాను. పోపుల డబ్బా అటక ఎక్కింది.

ఇంతా చెప్పింది ముదినేపల్లి దగ్గర పల్లెలో జరిగిన ఒక పెళ్ళి గురించి చెబుదామని.

వాళ్ళది వరి పండించే కుటుంబం. చుట్టూ అందరూ పొలాలు తవ్వించి చేపల చెరువులు వేసేసినా ఆ ఇంటి పెద్దాయన మాత్రం నాట్లే వేయించేవాడు. మెత్తటి మనిషి, ఎవరితోనైనా "ఏవమ్మా, ఏవండీ" తప్ప మరో మాట లేదు. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు. చిన్నది ఉయ్యాల్లో ఉండగా తల్లి పోయింది. పిల్లలిద్దర్నీ పెంచింది వాళ్ళ పెద్దమ్మ, అంటే ఆయన అన్నగారి భార్య. ఆవిడ భర్త అంతకు ముందే పోయాడు. ఆ ఇంట్లో వంట ఆవిడదే, పిల్లల జడలు ఆవిడవే, బడి ఫీజులు కట్టాల్సిన రోజు గుర్తు చేసేదీ ఆవిడే.

పెద్దమ్మాయి పెళ్ళి. ఫోటోలకి ఆడవాళ్ళని సర్ది నిలబెట్టడానికి నేనూ వెళ్ళాను. మండపం పక్కన సామాన్ల గది ఉంది. స్వీట్లు, కొబ్బరికాయలు, తాంబూలం సంచులు అన్నీ అక్కడే. పెద్దమ్మ ఆ గదిలో స్టూలు మీద కూర్చుని ఎవరికేం కావాలో తీసి ఇస్తోంది. నేను మంచినీళ్ళ కోసం వెళ్ళి, "ముహూర్తం దగ్గర పడిందండి, రండి" అన్నాను. "నేనెందుకమ్మా, మీరు వెళ్ళండి, నాకిక్కడ పనుంది" అని, నా చేతిలో మంచినీళ్ళతో పాటు ఒక లడ్డూ కూడా పెట్టింది. నాకు అర్థమైంది. ముత్తైదువలు కూర్చునే చోటికి భర్త లేని ఆవిడ రాకూడదు. ఆవిడని రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ ఎవరూ అనలేదు. ఆవిడకి ఆవిడే లోపల ఉండిపోయింది. నాకు ఒళ్ళు మండింది గానీ పెళ్ళివారితో ఏం మాట్లాడతాం? నోరున్న దాన్ని, ఆ ఒక్కరోజు నోరు మూసుకున్నాను.

అప్పగింతలయ్యాక కారెక్కబోతూ పెళ్ళికూతురు నా చెయ్యి పట్టుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఆంటీ, మా పెద్దమ్మ నా పెళ్ళి చూడలేదండి. వీడియో ఆవిడకి చూపించాలి. ముక్కలు చెయ్యకండి, పాటలు పెట్టకండి. కూర్చుని చూస్తే పెళ్ళిలో కూర్చున్నట్టే ఉండాలండి." నేను మాటిచ్చాను. చిన్న విషయమే కదా అనుకున్నాను.

ముందు ఆల్బమ్ ఇచ్చాం. పెద్దమ్మ అద్దాలు తుడుచుకుని పేజీలు తిప్పుకుంటూ పోయి, తాళి కట్టే పేజీ దగ్గర ఆగిందట. ఆ ఫోటోలో అక్షింతలు వేసే చేతులే గానీ పిల్ల మొహం లేదు. పెళ్ళికొడుకు మోచెయ్యి అడ్డం వచ్చేసింది. "పర్లేదులే, వీడియోలో కనపడుతుందన్నారుగా" అందట. ఈ మాట అమ్మాయే ఫోనులో చెప్పింది నాకు.

వీడియో మూడున్నర గంటలు వచ్చింది. ఒక్క ముక్క కోయలేదు. రెండు కెమెరాలవి కలుపుకుంటూ, ఎక్కడ ఎవరి మొహం బాగా కనపడితే అక్కడ అది పెట్టుకుంటూ నెల పైన కూర్చున్నాను. ఆ పెళ్ళి నేను చూసినన్నిసార్లు పెళ్ళికొడుకు తల్లి కూడా చూసి ఉండదు. అయ్యేసరికి ఫైలు ఏనుగంత అయింది. దాన్ని ఎక్కించడానికి పొద్దున్న మొదలుపెడితే మర్నాడు భోజనాల వేళ దాకా పట్టింది. లింకు అమ్మాయి ఫోనుకి పంపాను. అది ఏడు రోజులే ఉంటుందని కింద సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. నేను చూశాను. చూసి కూడా ఆ అమ్మాయికి విడిగా చెప్పలేదు. చదువుకున్న పిల్ల, ఈపాటికి దించేసుకుని ఉంటుంది అనుకున్నాను.

"వచ్చింది ఆంటీ! థాంక్సండి" అని జవాబు వచ్చింది. వచ్చిందంది కదా. శ్రావణం పెళ్ళిళ్ళు నెత్తి మీదకొస్తున్నాయి, డిస్కులో చోటు లేదు. అంతకుముందే ఆ కెమెరా కార్డులు వేరే పెళ్ళికి వాడేశాం. ఆ మధ్యాహ్నం ముదినేపల్లి పెళ్ళి మొత్తం చెరిపేశాను. అందిందా సరే, తెరిచి చూశారా అని అడగాల్సిన మాట అడగలేదు. లింకుల కాలంలో అవన్నీ దేనికని నా ధీమా.

అప్పుడు ఆషాఢం నడుస్తోంది. కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉంది, అల్లుడు బెంగుళూరులో ఉన్నాడు. ఆషాఢంలో కొత్త అల్లుడు అత్తవారి గడప తొక్కకూడదు కదా. లింకు రాగానే అమ్మాయి పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తింది. పెద్దాయన ఆపాడు. "అల్లుడు గారు లేకుండా మనం ముందు చూసేస్తే ఏం బాగుంటుందమ్మా? పెళ్ళయ్యాక మొదటిసారి పెళ్ళి చూసుకోవడం, జంటగా చూడాలి. శ్రావణం రానీ, ఆయన వస్తారు, మంచి రోజు చూసి ఇద్దర్నీ కూర్చోబెట్టి టీవీలో పెట్టుకుందాం" అన్నాడు. పెద్దమ్మ కూడా అదే మంచిదంది. "ఇన్నాళ్ళు ఆగాను, పది రోజులు ఆగలేనా" అంది. అమ్మాయి లింకుని ఫోన్లో భద్రంగా ఉంచింది. ఉత్తరం పెట్టెలో పెట్టి దాచుకుంటే ఎలా ఉంటుందో అలాగే ఉంటుందనుకుంది. పెద్దమ్మ రోజూ దీపం పెట్టుకున్నాక ఫోను అడిగి తీసుకుని, "ఇందులోనే ఉందా?" అని ఒకసారి చూసి తిరిగి ఇచ్చేసేదట.

శ్రావణం మొదటి శుక్రవారం అల్లుడు వచ్చాడు. పొద్దున్న పదింటికి ఫోను మోగింది. మా ఆయన స్నానం చేస్తున్నారు, నేనే ఎత్తాను. "ఆంటీ, లింకు తెరుచుకోవటం లేదండి. గడువు అయిపోయిందంటోంది. మళ్ళీ పంపుతారా?" అంది అమ్మాయి, ఏమీ కానట్టు. వెనక టీవీ ముందు కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా మీరు? వచ్చిన రోజే దించుకోవద్దా? ఊరగాయా అది, దాచుకుని తినడానికి!" అని అరిచేశాను. అవతల చిన్న గొంతుతో, "ఆషాఢం కదండీ" అంది.

ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. ఆ పిల్లని తిట్టాను గానీ తప్పెవరిదో నాకు తెలియదా? చెప్పనిదాన్ని నేను. అడగనిదాన్ని నేను. చెరిపినదాన్ని నేను. మా ఆయన వచ్చి విషయం విని నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కెమెరా కార్డులన్నీ తీశారు, డిస్కు విప్పారు. చెరిపిన ఫైళ్ళు వెనక్కి తెచ్చే కొట్టు ఒకటి విజయవాడలో ఉందంటే ఆయనే పట్టుకెళ్ళారు. పది రోజుల తరవాత వాళ్ళు తెచ్చింది ఇంతే, ఇరవై నిమిషాల భోజనాలు. వరసగా ఆకులు, వడ్డించే చేతులు, పప్పు, పెరుగు. ముహూర్తం లేదు, తాళి లేదు.

ఇక ఫోనులో చెప్పే విషయం కాదని నేనే బయల్దేరాను. కైకలూరు బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. వానలు పడి కొల్లేరు నిండుగా ఉంది, రోడ్డుకి రెండు వైపులా నీళ్ళే. మామూలుగా అయితే ఆ వంతెన మీద పిట్టల్ని చూడకుండా ఉండలేను నేను. ఆ రోజు ఏం చూశానో గుర్తు లేదు. కైకలూరులో దిగి ఆటో ఎక్కి ముదినేపల్లి వైపు వెళ్ళేదాకా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. తీరా వాళ్ళ వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేసరికి కూర్చుకున్నవన్నీ పోయాయి. "పోయిందండి. నేనే చెరిపేశాను. ఎక్కడా లేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు. యాభై ఏళ్ళ దాన్ని, పరాయి వాళ్ళింట్లో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను.

పెద్దాయన, "ఊరుకోండమ్మా, ఊరుకోండి. ఆగమన్నది నేనే కదా" అన్నాడు. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. పెద్దమ్మ నా ఎదురుగా అరుగు మీద చిక్కుడుకాయలు తుంచుతోంది. చేతులు ఆగాయి గానీ మొహం మారలేదు. అప్పుడు అడిగింది.

"మీరు చూశారు కదమ్మా?"

"ఏంటండి?"

"దాని మెళ్ళో తాళి పడ్డప్పుడు. నెల రోజులు కూర్చుని చూశారటగా. చెప్పండి మరి."

నేను కళ్ళు తుడుచుకున్నాను. నిజమే, ఆ ముక్క నాకు కంఠతా వచ్చు. నాకొచ్చినట్టు చెప్పాను.

"బాజాలు ఒక్కసారి పెరిగాయండి. పంతులుగారు చెయ్యెత్తారు. పెళ్ళికొడుకు లేచి నిలబడ్డాడు. మొదటి ముడి జారిపోయింది, మళ్ళీ వేశాడు. ఆడపడుచు వెనక నుంచి జడ ఎత్తి పట్టుకుంది. అమ్మాయి తల వంచుకుని ఉంది. ఆకుపచ్చ చీర మీద అక్షింతలు పడుతున్నాయి. నుదుటి మీద బాసికం కొంచెం పక్కకి జరిగింది."

"ఏడ్చిందా?"

"లేదండి. మొదటి ముడి పడగానే తలెత్తింది."

"అతన్ని చూసిందా?"

ఇక్కడ నేను ఆగాను. మిక్సింగ్ చేసేటప్పుడు ఆ చోట నాకు విసుగొచ్చింది. సరిగ్గా ఆ క్షణంలో ఈ పిల్ల దిక్కులు చూస్తుందేంటి, ఫ్రేము పాడుచేసింది అనుకున్నాను. ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూశాను, వేరే కెమెరాది పెడదామంటే దాంట్లో మోచెయ్యి అడ్డం. ఎటు చూస్తోందని మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ వరండాలో కూర్చుని చెబుతుంటే అప్పుడు తట్టింది నాకు.

"లేదండి. అతన్ని చూడలేదు. వాళ్ళ నాన్నగారినీ చూడలేదు. ఎడమ పక్కకి చూసింది. ఆ పక్కన మీ సామాన్ల గది తలుపు ఉందండి. రెండో ముడి పడింది, మూడో ముడి పడింది, అటే చూస్తోంది. తల వంచమ్మా అని పంతులుగారు అంటే గానీ వంచలేదు."

అమ్మాయి వచ్చి పెద్దమ్మ పక్కన కింద కూర్చుంది. "తలుపు సందులోంచి అయినా చూస్తావనుకున్నా పెద్దమ్మా. ఎంతసేపు చూశానో తెలుసా? తలుపు వేసి ఉంది" అంది.

"నేనే వేసుకున్నానే" అంది పెద్దమ్మ. "బాజాలు వినపడగానే తలుపేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. పొరపాటున కూడా నా చూపు నీ మీద పడకూడదని."

పెంచిన చేతులు, అన్నం పెట్టిన చేతులు, ఆవిడ చూపు తగిలితే పిల్లకేదో అవుతుందట! ఇంత మాట ఆవిడ తనంతట తాను అనుకునేలా చేసింది ఎవరు? ఒకరని చెప్పలేం. మండపంలో లడ్డూ తింటూ ఊరుకున్న నాతో సహా.

పెద్దాయన భుజం మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తువ్వాలు మొహం మీద నుంచి తియ్యలేదు. "వదినా, నేను నిన్ను రావద్దనలేదు. రమ్మనీ అనలేదు. ఊరుకున్నాను. తప్పు నాది" అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, "మీరు పారేసింది వీడియోనేనమ్మా. మీరు బాధపడకండి" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దమ్మ నా సంచిలో చిక్కుడుకాయలు పోసింది. వద్దంటే వినలేదు. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను.

వాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కుతారని నేను కలలో కూడా అనుకోలేదు. ఏడాదిన్నర తరవాత, మాఘమాసంలో చిన్నమ్మాయి పెళ్ళికి పెద్దాయన స్వయంగా వచ్చి, తాంబూలం పెట్టి మరీ మా ఆయన్ని పిలిచాడు. నేను లోపల్నుంచి వచ్చి, "మా దగ్గరికేనా అండి?" అన్నాను. "ఇంకెవరి దగ్గరికమ్మా" అన్నాడు.

ఆ పెళ్ళిలో పెద్దమ్మ సామాన్ల గదిలో లేదు. ముహూర్తానికి ముందు పెద్దాయన వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. వెనక పెద్దమ్మాయి, చంకలో నెలల పిల్ల. వేదికకి ఎదురుగా మొదటి వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. వెనక ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అంది. పెద్దాయన ఆవిడ వైపు తిరిగి, ఎప్పటిలాగే మెత్తగా, "మా వదిన గారండి, పిల్లల్ని పెంచింది ఆవిడేనండి" అన్నాడు. పెద్దమ్మ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు. బాజాలు పెరిగినప్పుడు ఒక్కసారి కళ్ళు మూసుకుంది, వెంటనే తెరిచింది. చిన్నమ్మాయి తలెత్తి ఎదురుగా చూసి నవ్వింది. నేను మా ఆయన కెమెరా పక్కనే నిలబడి ఇదంతా చూశాను. ఏడ్చానని వేరే చెప్పాలా?

ఈసారి వీడియోకి లింకు పంపలేదు. రెండు డిస్కుల్లో వేసి, మూడోది నా దగ్గర పెట్టుకుని, నేనే ముదినేపల్లి బస్సెక్కాను. పెద్దమ్మ వరండాలో కూర్చుని మనవరాలికి ఉగ్గు పెడుతోంది. డిస్కు ఆవిడ చేతికివ్వబోయాను. "మొత్తం ఉందండి పెద్దమ్మగారూ, ఒక్క ముక్క కోయలేదు. ఈసారి తాళి కట్టేటప్పుడు అమ్మాయి మొహం ఎంత బాగా వచ్చిందో మీరే చూడండి" అన్నాను, కొంచెం గర్వంగానే.

ఆవిడ గిన్నె కింద పెట్టలేదు. పిల్ల మూతి కొంగుతో తుడుస్తూ, "చిన్నదానికివ్వండి. నాకెందుకమ్మా, నేను చూశానుగా" అంది.